ఐదు టన్నుల నీళ్ళు

 

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ చేశారు. ఆ మాటల్లోనే పూర్వ విద్యార్థినులమంతా కలిసి ఈసారి హాస్టల్‌కి పెద్ద నీళ్ళ ట్యాంకు ఇస్తున్నామనీ, పదివేల లీటర్లది మేడమీద పెట్టి దానిమీద దాతల పేర్లు పెయింటుతో రాయిస్తామనీ చెప్పారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ట్యాంకు విషయంలో నేను చేసిన తప్పొకటి ఉంది. ఇంతవరకూ మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సందర్భం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నేను మన హాస్టల్లో ఉన్నది 1998 నుంచి 2003 వరకు. అప్పట్లో పెరట్లో సిమెంటు తొట్టి ఒకటి ఉండేది, గుర్తుందా? తెల్లారుజామున నాలుగున్నరకే దాని చుట్టూ గుంపు. వేసవి వస్తే మనిషికి ఆరు చెంబులు. పదో తరగతి అక్క ఒకామె గట్టుమీద నిలబడి లెక్కపెట్టేది. ఏడో చెంబు ముంచితే చేతిమీద ఒక్కటిచ్చేది. ఆదివారం కామాటి తాతతో కలిసి తొట్టిలోకి దిగి కొబ్బరిపీచుతో పాచి తోమేవాళ్ళం. నీళ్ళంటే లెక్క అని నాకు తెలిసింది అక్కడే. తర్వాత నేను లెక్కల టీచర్నే అయ్యాను.

మా ఊరు నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే వైపు. అప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. అంతా మెట్ట. ఎటు చూసినా మామిడి తోటలే గాని అవి మావి కావు. అమ్మా నాన్నా వాటిలో కూలికి వెళ్ళేవాళ్ళు. మాకున్నది ప్రభుత్వం ఇచ్చిన ఎకరం ఇరవై సెంట్లు. చాలా ఏళ్ళు అందులో కంది, జొన్న వేశారు. నాకు ఉద్యోగం వచ్చాక 2015 వానల్లో అంటు మొక్కలు తెచ్చి నాటాం. బంగినపల్లి, చిన్నరసాలు, గెట్టు వెంబడి నాలుగు కలెక్టర్లు. పది మీటర్ల దూరాన మొత్తం 48.

మామిడి అంటుకి మొదటి రెండు మూడు వేసవులే గండం. బతికి వేరు దిగితే ఆ తర్వాత తన నీళ్ళు తనే వెతుక్కుంటుంది. మాకు బోరు లేదు. 2016 వేసవంతా అమ్మ పక్క తోట బోరు దగ్గర్నుంచి బిందెలతో మోసి పాదుల్లో పోసింది. అలా మోస్తూ గెట్టుమీద జారి పడితే మోకాలు వాచిపోయింది. తను మంచంలో ఉన్న ఇరవై రోజుల్లో 11 మొక్కలు ఎండిపోయాయి. అమ్మ మోకాలు చూసుకోలేదు, ఆ పదకొండే చెప్పుకుని ఏడ్చింది.

మరుసటి ఏడాది అప్పు చేసి బోరు వేయించాం. మొదటిది ఫెయిలు, రెండోదాంట్లో కొంచెం నీళ్ళు పడ్డాయి. కరెంటు రైతులకి 2004 నుంచే ఉచితం. కానీ ఉచితమైన కరెంటు మనం అడిగినప్పుడు రాదు కదా! అప్పట్లో త్రీఫేజ్ రోజుకి ఏడు గంటలు, అదీ విడతలుగా వచ్చేది. పైగా మా బోరు గంటసేపు కూడా ఆగకుండా పొయ్యదు. కరెంటు ఉన్నప్పుడు తోడి పెట్టుకుని, తీరిగ్గా పాదులకి వదలాలంటే ట్యాంకు ఉండాల్సిందే.

ఏ ట్యాంకు అన్నదానిమీద మా ఇంట్లో వారం రోజులు పంచాయితీ. తమ్ముడిది ఒకటే మాట, "అక్కా, పదివేలది తీసుకుందాం, ఒక్కసారే పీడ వదిలిపోద్ది." నాన్న తాపీ పనిలోకి కూడా వెళ్ళిన మనిషి. ఇటుకతో గుండ్రని తొట్టి కడతానన్నాడు. నలుచదరంగా కడితే నీళ్ళు మూలల్ని తోసి పగలగొడతాయట, గుండ్రంగా ఉంటే అన్ని వైపులా సమానంగా తోస్తాయట. అమ్మ మాత్రం ఏదైనా సరే మూత ఉండేది చూడమంది.

నేను చాక్‌పీసు తీశాను. బోరు దగ్గర పదిహేను లీటర్ల బకెట్టు పెడితే 20 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 45 లీటర్లు. యాభై నిమిషాలకి బోరు గాలి కొడుతోంది, అంటే విడతకి 2,250. ఇక ఖర్చు చూస్తే మొక్కకి నలభై లీటర్ల చొప్పున 48 మొక్కలకి 1,920, అదీ నాలుగు రోజులకోసారి. రెండు గేదెలు, ఇంటి వాడకం, పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టే రోజున రెండు డ్రమ్ములు. ఎంత కలిపినా రెండు వేల లీటర్ల ట్యాంకు సరిపోయేది. తమ్ముడికి ఆ లెక్క చెప్పి పదివేలది మాన్పించాను. మాన్పించి నేను కొన్నది ఐదు వేలది! చెట్లు పెద్దవయ్యేకొద్దీ ఇంకా నీళ్ళు కావాలి కదా అనుకున్నాను. చుట్టూ ఉన్న ముదురు తోటలు చాలావరకు వాన మీదే కాస్తున్నాయని పుట్టినప్పటి నుంచి చూస్తూ కూడా అలా అనుకున్నాను. నాన్న తొట్టి మాటైతే అసలు వినలేదు. నల్ల ట్యాంకైతే లోపలికి వెలుతురు పోదు, పాచి పట్టదు, ఐ.ఎస్. 12701 గుర్తు కూడా చూసి తీసుకుంటానని గొప్పగా చెప్పాను. (మా ఊళ్ళో ఏ కంపెనీదైనా సింటెక్స్ అనే అంటారు. నేను కొన్న దాని పేరు రాయను, ఎందుకంటే తప్పు దానిది కాదు.)

తమ్ముడు ఎత్తు మీద పెడదామన్నాడు, ఫోర్సు వస్తుందని. నీళ్ళకి పది మీటర్ల ఎత్తుకి గాని చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ఒత్తిడి రాదు, నాలుగడుగుల దిమ్మ వల్ల ఫోర్సేమీ రాదురా అన్నాను. పైపులో జారి పాదుల్లోకి వెళ్తే చాలు కాబట్టి నాలుగడుగులకే ఒప్పుకున్నాను. చుట్టూ రాతిగోడ, లోపల మట్టి, పైన పలచగా కాంక్రీటు. నాన్న ఒకటే చెప్పాడు. "అమ్మాయ్, పునాది గట్టినేల తగిలేదాకా తియ్యాలి. లోపల గ్రావెల్ పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిస్ చెయ్యాలి. ఒక వానాకాలం పోనిస్తే దిగేదంతా దిగిపోద్ది." అది 2017 మే నెల. నా సెలవులు జూన్ రెండో వారానికి అయిపోతాయి. మొక్కలు వాడిపోతున్నాయి. "ఖాళీ ట్యాంకు ముగ్గురు దొర్లించుకుని వచ్చారు నాన్నా, దానికింత పునాది ఎందుకు?" అన్నాను. బీఈడీ చదివిన కూతురు కదా, ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

వేసవి బాగానే గడిచింది. కుళాయి తిప్పగానే పాదుల్లోకి నీళ్ళు వెళ్తుంటే అమ్మ దిమ్మ పక్కన రాయి వేసుకుని అక్కడే గిన్నెలు తోముకునేది. రోజూ తెల్లవారుజామునే.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారేసరికి దిమ్మలో మట్టి ఒకవైపు కుంగి, రాతిగోడ బొర్లబడి, ట్యాంకు ఒరిగి అమ్మ గిన్నెలు తోమే రాయి మీద పడి ఉంది. అడుగున నిలువునా చీలిక. ముందురోజు సాయంత్రమే నిండా తోడారు. ఆ పొద్దున దూడ కట్టు తెంచుకుని పోతే అమ్మ దాని వెనకాల వెళ్ళింది. లేకపోతే ఆ టైముకి ఆ రాయి దగ్గరే ఉండేది.

తమ్ముడు ఫోన్ చేస్తే స్కూల్లో సెలవు చెప్పి బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి నాన్న ఆ రాళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పేరుస్తున్నాడు. నన్ను తిట్టలేదు. "నీళ్ళు లెక్కేశావు గాని, నీళ్ళ బరువు లెక్కెయ్యలేదేమ్మా" అన్నాడు. లీటరు నీళ్ళు కేజీ అని ఆరో తరగతి పిల్లలకి నేనే చెప్తాను. ఐదు వేల లీటర్లంటే ఐదు టన్నులు. వానకి నానిన ఎగపోత మట్టి మీద ఐదు టన్నులు పెట్టించాను.

తర్వాత నాన్నే చేశాడు. గట్టు దగ్గర కదలని ఎర్రనేల చూసి, రెండడుగులు తీసి గ్రావెల్ దిమ్మిస్ చేసి, అడుగున్నర ఎత్తున మట్టంగా బెడ్డు పోశాడు. ఈసారి ఒక్కటి కాదు, రెండు వేల లీటర్లవి రెండు. ఒకటి కడిగేటప్పుడు రెండోది నడుస్తుంది, ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. ఈ ఆలోచనా ఆయనదే. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఎండిపోయిన పదకొండింటి చోట మళ్ళీ నాటినవీ బతికాయి. చిన్నరసాలు నాలుగైదేళ్ళుగా కాస్తున్నాయి. నున్న మార్కెట్‌కి వెయ్యగా మిగిలినవి ఏటా హాస్టల్‌కి ఒక బుట్ట పంపుతున్నాను, మీరు తిన్నవి అవే.

ఇక మన ట్యాంకు సంగతి. ఇప్పుడు హాస్టల్లో 110 మంది ఉన్నారని మేడం చెప్పారు. భవనాల లెక్కల్లో హాస్టల్ అయితే తలకి రోజుకి 135 లీటర్లు అంటారు, ఆ ప్రకారం 14,850. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ లెక్క తలకి 55, అలా చూసినా 6,050. కాబట్టి పదివేలు అనడం మరీ ఎక్కువేమీ కాదు. నా భయమల్లా మేడ గురించే. నిండితే అది పది టన్నులు. కింద ఉన్నది పిల్లలు రాత్రి పదింటి దాకా చదువుకునే హాలు. ఆ శ్లాబు మనం చదివినప్పుడే వానకి కారేది.

అందుకని కమిటీ అక్కలకి నా మనవి. పెద్దది కిందే, వంటగది వెనక వేపచెట్టు పక్కనున్న గట్టినేల మీద పెడదాం. ఒక్కటిగా కాకుండా రెండుగా తీసుకుందాం. మేడమీదికి చిన్నది ఎక్కించాలన్నా ముందు ఇంజినీరు గారికి శ్లాబు చూపించి, పిల్లరు మీదా దూలం మీదా ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడదాం. మూత బిగుతుగా ఉండాలి, అడుగు నుంచి కడుగునీళ్ళు పోయే వాల్వు ఉండాలి. పేర్లు కింద ఉన్నదాని మీదైనా రాసుకోవచ్చు, దగ్గరగా ఉంటాయి కనుక బాగా కనపడతాయి కూడా!

కుళాయి ఏ టైముకి వస్తోందో, బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతోందో వారం రోజులు రాసిపెట్టమని తొమ్మిదో తరగతి చెల్లెళ్ళకి చెప్పాను. నిన్ననే మొదటి మూడు రోజుల కాగితం వచ్చింది. పొద్దున 22 సెకన్లు, సాయంత్రం 41. రెండో శనివారం నాన్నని తీసుకుని వస్తున్నాను. గడ్డపార ఒకటి సిద్ధంగా ఉంచమన్నాడు, వేపచెట్టు పక్క నేల ఆయనే తవ్వి చూస్తాడట.