మా గైడ్ మేడం, మా ఆఫీసు సార్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడం ఫోన్ చేశారు. "కవితైనా సరే" అన్నారు. కవిత నాకు రాదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే పెరిగాను. ఇప్పుడు ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, కమ్యూనిటీ హెల్త్ బ్రాంచి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. పీజీలో నాకు దారి చూపిన వాళ్ల గురించి రాస్తాను. చెల్లెళ్లకు పనికొస్తుంది.

"అక్కా, బీఎస్సీ అయితే స్టాఫ్ నర్సు అయిపోవచ్చు కదా, మళ్లీ చదువెందుకు?" అని చాలామంది అడుగుతారు. మా అమ్మ కూడా అదే అడిగింది. "ఇంకెన్ని సదువులు బిడ్డా? నీ జీతం మీదనే గదా ఇల్లు నడుస్తున్నది" అంది. అది నిజమే. కానీ నర్సింగ్ కాలేజీలో లెక్చరర్ కావాలంటే ఎమ్మెస్సీ ఉండాలి. నాకు పాఠం చెప్పాలని ఉంది.

బీఎస్సీ తర్వాత ఒక ఏడాది పనిచేసిన అనుభవం ఉంటేనే ఎమ్మెస్సీలో సీటు ఇస్తారు. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ ఏడాది చేశాను. చేరేటప్పుడే నా ఒరిజినల్స్ అన్నీ తీసి బీరువాలో పెట్టుకున్నారు. మానేస్తానంటే, డబ్బు కడితేనే సర్టిఫికెట్లు, అనుభవ పత్రం ఇస్తామన్నారు. కౌన్సెలింగ్‌కు తొమ్మిది రోజులు ఉంది. ఆ డబ్బు మా నాన్న రెండేళ్ల కూలి.

అప్పుడు ఆదుకున్నది నేను బీఎస్సీ చదివిన కాలేజీలో సీనియర్ అసిస్టెంట్ సార్. మేమంతా ఆయన్ని ఆఫీసు సార్ అనేవాళ్లం. స్కాలర్‌షిప్ సెక్షన్ ఆయనదే. ఇన్‌కం సర్టిఫికెట్ గడువు ఎప్పుడు అయిపోతుందో, ఈపాస్‌లో రెన్యువల్ ఎప్పుడు చేయాలో, ఎవరి హాజరు 75 శాతం దాటలేదో అన్నీ ఆయనకు నోటికి తెలుసు. అర్జీ రెండు ప్రతులు రాయించారు. "ఒకటి వాళ్లకు ఇవ్వు, రెండోదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకో, ముద్ర వేసేదాకా కదలకు" అన్నారు. కాలేజీ తరఫున ఉత్తరం కూడా పెట్టించారు. నాలుగుసార్లు తిరిగాను. కౌన్సెలింగ్‌కు రెండు రోజుల ముందు కవరు చేతికొచ్చింది. ఒక్క రూపాయి కట్టలేదు.

ఇక పీజీలో చేరాక గైడ్. మన హాస్టల్లో గైడ్ అంటే పరీక్షల ముందు కొనే పుస్తకం కదా! పీజీలో గైడ్ అంటే మన పరిశోధన చేయించే మేడం. రెండేళ్లలో మనం ఒక పరిశోధన చేసి థీసిస్ ఇవ్వాలి. మొదటి రోజు "ఏ సమస్య మీద చేస్తావు?" అని అడిగారు. నేను పుస్తకాల్లోని పెద్ద పెద్ద పేర్లు చెప్పాను. ఆమె విని, "నువ్వు కళ్లారా చూసింది చెప్పు" అన్నారు. సోమవారం నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తే కిటికీలోంచి పారేసే మన గది గుర్తొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హాస్టల్ పిల్లలు ఆ మాత్ర ఎందుకు వేసుకోరు అన్నదే నా అంశమైంది.

తర్వాత అసలు కష్టం మొదలైంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ప్రశ్నలడగాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్ల కూడా ఒప్పుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. సగంమంది తల్లిదండ్రులు వలసపోయి ఉన్నారు. మేడం నా అంగీకార పత్రాన్ని మూడుసార్లు తిప్పి పంపారు. "ఇది మీ అమ్మకు చదివి వినిపించు, అర్థమైతేనే నా దగ్గరికి రా" అన్నారు. మొదట చిరాకేసింది. కానీ ఫోన్లో చదివితే అమ్మ "గోప్యత అంటే ఏంది?" అని అడిగింది. దాని బదులు "మీ పిల్ల పేరు ఎవరికీ చెప్పం" అని రాశాం. ఆ రోజే మేడం అమ్మతో మాట్లాడి, "రెండేళ్లు ఓపిక పట్టండమ్మా" అన్నారు. నేను ఎంత చెప్పినా ఒప్పుకోని అమ్మ ఆమె మాటకు ఒప్పుకుంది. ఇది నాకు కొంచెం కోపమే!

గైడ్‌కు కాలేజీలో పేరుంది, గదుంది, బోర్డుంది. ఆఫీసు సార్ చేసిన పని మాత్రం ఎవరి ఉద్యోగంలోనూ రాసిలేదు. ఆయనకు మనసుంది కాబట్టి చేశారు. ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటే నా సీటు పోయేది. చదువుకున్న ఇంటి పిల్లలకు ఇవన్నీ వాళ్ల నాన్నలే చెబుతారు. మనకు చెప్పడానికి ఒక మనిషిని నియమించాలని నా అభిప్రాయం. కాలేజీ పెద్దలు ఈ సంచిక చదువుతారో లేదో తెలియదు.

మన హాస్టల్లో చదివిన ఇద్దరు చెల్లెళ్లు ఈ ఏడు బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉన్నారు. ఏయే కాగితం ఎక్కడ, ఎన్ని రోజుల ముందు తీసుకోవాలో ఒక నోటుబుక్కులో రాసి వార్డెన్ మేడం దగ్గర పెట్టాను. మొదటి పేజీలో ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దని ఎర్ర పెన్నుతో రాశాను.