పులి కనబడని దినము

అడవిని మేము చిన్ననాట గ్రంథములలోనే చూచితిమి. మా తాతగారు సాయంకాలమున వసారాలో కూర్చుండబెట్టుకొని నన్నయగారి భారతమును, పోతనగారి భాగవతమును, పెద్దనగారి మనుచరిత్రమును చదివించుచుండెడివారు. గజేంద్రుడు మడుగు చొచ్చుటయు, దుష్యంతుడు వేటకు వెడలుటయు, స్వరోచి పక్షిమృగముల భాష నెఱుగుటయు మా కన్నులకు గట్టినట్లుండెడివి. పులికి శార్దూలము, ద్వీపి, వ్యాఘ్రము అని పర్యాయపదములు ఏకరువు పెట్టగలిగితిమే గాని, ముప్పదియైదేండ్లు వచ్చువఱకు ఒక్క జింకనైనను దాని స్వస్థానమున చూచి యెఱుగము.

అట్టి మేము గడచిన ఫాల్గుణమాసమున కవ్వాల అడవికి పోవలసివచ్చినది. వినోదయాత్ర యని పిల్లలతో జెప్పితిమి. నిజమైన కారణము వేఱు.

మావారికి ప్రధానోపాధ్యాయపదవి లభించి, కుమురంభీము జిల్లాలో కాగజ్‌నగరున కవతల ఒక పల్లెకు మార్చిరి. ఊరిచుట్టు పత్తిచేలు, చేల యంచున అడవి. వారు అక్కడ ఒక గది అద్దెకు తీసికొని తామే వండుకొనుచు కొన్ని నెలలు గడపిరి. వేసవి రాగానే సంసారమును అక్కడికి తరలింతమా యను ప్రశ్న వచ్చినది. ఆ ప్రాంతమున 2020 నవంబరులో ఇరువురు యువజనులు పులివాత బడిరనియు, 2024 నవంబరులో పత్తి యేఱుచుండిన యువతి యొకతె ప్రాణము గోల్పోయెననియు పత్రికలలో చదివియుంటిమి. "మీరు పొండు. మేమును పిల్లలును కరీంనగరము విడిచి రాము" అని ఖండితముగా జెప్పితిమి. మావారు వాదింపలేదు. "ఒక్కదినము అడవిని చూచి, ఆ తరువాత చెప్పుము" అని మాత్రమనిరి.

శనివారము మధ్యాహ్నము జగిత్యాల మీదుగా బయలుదేఱి, ధర్మపురిలో లక్ష్మీనృసింహస్వామిని సేవించి, రాయపట్నము వంతెనమీద గోదావరిని దాటి, లక్సెట్టిపేట త్రోవను జన్నారము చేరితిమి. సగము సింహమైన స్వామికి అంత భక్తితో మ్రొక్కి, పూర్తిగా పులియైన జంతువునకు ఇంత వెఱచుచుంటిమే యని దారిలో మాకే నవ్వు వచ్చినది.

ఈ కవ్వాల అడవి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 1965లో దీనిని అభయారణ్యముగా జేసిరి. పులుల రక్షణకై 1973లో దేశమంతటికి ఆరంభించిన ప్రణాళిక క్రిందికి 2012లో ఇదియు వచ్చినది. లోపలి భాగము సుమారు 893 చదరపు కిలోమీటర్లు, దానిచుట్టు పల్లెలు పొలములు కలసిన భాగము సుమారు 1,123. కడెము నదికిని గోదావరికిని నీరందించు అడవి యిది. జన్నారము దరినున్న హస్తినమడుగునుండియే మెస్రం వంశపు గోండులు ఏటేట గోదావరీజలమును కాలినడకన కేస్లాపురము నాగోబాకు గొనిపోవుదురు. పుష్యమాసపు అమావాస్యనాటి ఆ జాతర మన సోదరీమణులలో అనేకు లెఱిగినదే.

ఆదివారము తెల్లవాఱుజామున అటవీశాఖవారి పైకప్పులేని వాహనములో లోపలికి పోతిమి. దారి చూపుటకు ఒక గోండు యువకుడు ముందు గూర్చుండెను. టేకు లాకులు రాల్చి నిలిచియుండెను. మోదుగులు మాత్రము ఆకొక్కటియు లేక నిలువెల్ల ఎఱ్ఱగా పూచియుండెను. ఎండుటాకులమీద అడవికోడి నడచినను మనిషి నడచినట్లే చప్పుడగుచుండగా, చప్పుడైనప్పుడెల్ల మేము పిల్లల చేతులు గట్టిగా పట్టుకొనుచుంటిమి.

మొదట కనబడినవి చుక్కలదుప్పులు. ఇరువది ముప్పదియుండును. చెట్టుమీద కొండముచ్చులు చిగుళ్లు త్రెంపి సగము తిని సగము రాల్చుచుండగా దుప్పులు క్రింద నిలిచి వానిని మేయుచుండెను. ఇది అలవాటైన పొత్తట. పైనున్న కొండముచ్చుకు దూరపుచూపు, క్రిందనున్న దుప్పికి వాసన పసిగట్టు శక్తి మెండు. క్రూరమృగము వచ్చినచో ఎవరు ముందెఱిగిన వారు కేక వేయుదురు, రెండు జాతులును తప్పించుకొనును. "దుప్పి కీచుమని అరుస్తది, కొండముచ్చు దగ్గినట్టు అరుస్తది. కణుజు అరిసిందంటె మాత్రం ఊకె అరవదు అమ్మా" అని ఆ యువకుడు చెప్పెను. పెద్దనగారి స్వరోచి నేర్చిన విద్య కథ యనుకొంటిమి. ఆ విద్య యీ గూడెములలో పసివారికే తెలిసియున్నది.

మఱికొంతదూరము పోగా మనుబోతు లగపడెను. మగది నీలిబూడిదవన్నెతో గుఱ్ఱమంత యెత్తుండెను. ఆడుది గోధుమవన్నె. కొమ్ములు మగదానికే, అవియు చిన్నవి. దుప్పికొమ్ములు ఏటేట రాలి మఱల మొలచుననియు, మనుబోతు కొమ్ములు బ్రదికినంతకాల ముండుననియు మావారు పిల్లలకు బోధించిరి. సెలవుదినమైనను బడి తప్పలేదని పిల్లలు మూతి ముడిచిరి. ఒక వాగుదరిని కొండగొఱ్ఱె మెఱపువలె దాటిపోయెను. మేక కంటె పెద్దది గాని యీ జింక మగదానికి నాలుగు కొమ్ము లుండును. వేఱొక అడవిజంతువునకు అట్లు లేవు.

వెదురుపొదల వెనుక అడవిదున్నల మంద కనబడినప్పుడు వాహనము నాపిరి. నల్లని కొండరాళ్లు కదలినట్లుండెను. మోకాళ్లక్రింద మాత్రము తెల్లని మేజోళ్లు తొడిగినట్లున్నవి. ఒక పెద్ద ఆవు మమ్మును తేరిచూచి, ముక్కుతో బుస్సుమని, పిల్లలను వెనుకకు నెట్టుకొని నిలిచెను. ఆ చూపు మాకు కొత్తది గాదు. పండుగనాడు సంతలో పిల్లల చేయి పట్టుకొని నడచునప్పుడు మేమును అట్లే చూతుము.

దారిప్రక్కన పగిలియున్న పుట్టనొకటి చూపిరి. ఎలుగుబంటి గోళ్ల గుఱుతులు మట్టిమీద తాజాగా నుండెను. అది పుట్టను త్రవ్వి, మట్టిని ఊది, చెదపురుగులను గట్టిగా పీల్చుకొని తినునట. పైవరుసలో నడిమి పండ్లు రెండును లేకుండుట అందులకే యనుకూలము. తల్లి యెలుగు పిల్లలను వీపుమీద నెక్కించుకొని తిరుగును. ఈ మాట విన్నప్పటినుండి మా చిన్నది మా వీపు దిగలేదు.

మండుటెండలో జంతువులు దాహమున కల్లాడకుండ సౌరశక్తితో నీరు తోడి పళ్లెములవంటి తొట్లు నింపుచున్నారు. అట్టి తొట్టియొద్ద బురదలో అడుగుజాడ లుండెను. నాలుగు వ్రేళ్లు, వెనుక మెత్త, గోళ్ల జాడ లేదు. పిల్లికులము నడచునప్పుడు గోళ్లను లోనికి ముడుచుకొనును. మా గుండె ఝల్లుమనెను. యువకుడు వంగి చూచి "చిరుతది" అనెను. పులియడుగు ఇంతకంటె పెద్దదట.

మా పిల్లవానికి ఆశాభంగమైనది. పొరుగింటివారి కుమారుడు ఆఫ్రికాకు బోయి, విశాలమైన గడ్డిమైదానములో సింహములు గుంపుగా పరుండియుండుట ఫోనులో చూపియుండెను. ఇక్కడను అట్లే పులి వరుసలో నిలిచియుండు ననుకొనెను పాపము. మన పులి ఏకాంతవాసి, అడవిచాటున బ్రదుకునది. పైగా కవ్వాల నడిబొడ్డున కొన్నేండ్లుగా పులులు స్థిరముగా నిలుచుట అరుదు. మహారాష్ట్రమునందలి తాడోబా, తిప్పేశ్వరము అడవులలో పుట్టి పెరిగిన పులులు తమకొక చోటు వెదకికొనుచు కాగజ్‌నగరు వైపునకు వచ్చుచుండును. అట్లు వచ్చి 2016 ప్రాంతమున అచ్చట పిల్లలను గన్న ఆడుపులికి ఫాల్గుణ యని పేరు పెట్టిరి. ఆడుపులి మూడున్నర నెలలు మోసి, రెండు మూడు పిల్లలను గని, రెండేండ్లవఱకు వేట నేర్పి, అటుపిమ్మట తన చోటు వారికి విడుచుటయో, వారినే దూరము పంపుటయో చేయును. ఆ వచ్చునది మనలను తినవచ్చునది గాదు. ఇల్లు వెదకుకొన వచ్చునది. ఇది మాకు క్రొత్త సంగతి.

వెలుపలికి వచ్చునప్పటికి పదిగంటలైనది. పల్లెదరి ఇప్పచెట్టుక్రింద ఒక అవ్వ రాలినపూవులు గంపలోని కేఱుచుండెను. గాలి యంతయు తియ్యనివాసన. నీడ కని మేము దిగితిమి.

"ఏం జూసిండ్రు బిడ్డా?" అని అవ్వ మా పిల్లవాని నడిగెను.

"పులి కనబడలేదు" అని వాడు మొగము వ్రేలవేసెను.

"కనవడకుంటెనే మంచిది. అది దాని పనిమీద పోతది, మనం మన పనిమీద పోతం" అని ఆమె నవ్వెను.

మీకు భయము లేదా యని మేమడిగితిమి.

"ఎందుకుండదు? మా చిన్నబిడ్డను కాగజ్‌నగర్ దిక్కే ఇచ్చిన. మొన్నొకనాడు ఆ పిల్లను పులి సంపిందని ఇన్నప్పుడు నాకు బువ్వ సయించలే. బిడ్డను తోలుకొద్దామని పోయిన."

"వచ్చినదా?"

"రానన్నది. పులి రోజు రాదే అవ్వా, పత్తి ఏరుడు రోజుంటదన్నది. నలుగురైదుగురం గూడి పోతం, మాట్లాడుకుంట ఏరుతం, పొద్దుగూకకముందే ఇల్లు జేరుతమన్నది. ఫారెస్టోళ్లు ఇచ్చిన మొకాన్ని ఎనకకు గట్టుకొని జూపిచ్చింది. ముందట ఒక మొకం, ఎనక ఒక మొకం. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే."

పులి వెనుకనుండియే మీదబడును గనుక, మనుష్యుని మొగము తనవైపు చూచుచున్నట్లు తోచిన వెనుకాడు నని యీ ఉపాయము. వంగదేశపు సుందరవనములలో 1980 దశకముననే ప్రయోగించిరి. 2024లో మన పత్తిచేలలోనికిని వచ్చినది.

అవ్వ మా సంగతి యడిగెను. మావారి యుద్యోగము, ఊరు చెప్పితిమి.

"ఇంటాయన ఆడ, మీరు ఈడనా?" అనెను. ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట అడిగినది. కొంతసేపు పూవులేఱి మఱల ననెను: "ఆ దిక్కు బళ్లల్ల సార్లు నిలువరు బిడ్డా. అచ్చినట్టే అచ్చి పోతరు. మా మనుమరాలు నాలుగేండ్లల్ల ఎందరి పేర్లు నేర్చిందో."

మేము మాటాడలేదు. మావారు దూరముగా నిలిచి వినుచున్నను విననట్లు చెట్టు చూచుచుండిరి.

తిరుగుత్రోవలో ఆ యువకుడు మఱియొక మాట చెప్పెను. కడెము మండలమున అడవి లోపలనుండిన రాంపూరు, మైసంపేట గ్రామముల వారు 2024లో ఊళ్లు ఖాళీచేసి వెలుపలికి వచ్చిరి. క్రొత్త యిండ్లు, భూమి యిచ్చిరి. అయినను పెద్దల సమాధులు, దేవతలు, విత్తిన చేలు విడిచి వచ్చుట సులువు గాదు గదా. అడవి పులికి దక్కవలెనని వారు ఊరు విడిచిరి. పులి కలదని మేము ఊరు చేరమంటిమి. ఈ రెండుమాటలు ప్రక్కప్రక్కన నిలువగా మాకు సిగ్గైనది.

సాయంకాలము మఱియొకసారి లోపలికి బోయితిమి. ప్రొద్దు వాలుచుండగా, వాగున కవతల ఒక్కసారిగా గంభీరమైన అఱుపు వినబడెను. కణుజు. మఱల, మఱల. యువకుడు చేయి యెత్తెను. వాహనము నిలిచినది. దుప్పు లొక్కవైపే చూచుచు తోకలు నిక్కించి కాలు నేలకు గొట్టుచుండెను. మేమందఱము ఊపిరి బిగబట్టితిమి. అవతల నున్నది చిరుతయో, రేసుకుక్కలో, పెద్దపులియో తెలియదు. పొదలు కదలలేదు. కొంతసేపటికి కణుజు మౌనము దాల్చెను. దుప్పులు మఱల మేయసాగెను.

ఆ దుప్పులను మేము చాలసేపు చూచితిమి. అపాయము తొలగెనని వానికి ఎవరును హామీ యియ్యలేదు. అయినను మేత మానలేదు, ఒండొంటిని విడిచి పోలేదు.

రాత్రి గోదావరి దాటునప్పుడు పిల్లలు నిద్రించుచుండిరి. "ఆ యూరిలో గ్యాసుబండ దొరుకునా?" అని అడిగితిమి. మావారు మాట తడబడగా "దొరుకును" అనిరి. అంతకుమించి ఆ రాత్రి మేమేమియు చెప్పుకొనలేదు.

ఇప్పుడు సామాను సర్దుచున్నాము. వెఱపు పోయెనని వ్రాసిన అబద్ధమగును. పిల్లలు బడినుండి వచ్చుట కయిదు నిమిషములు జాగైనను మా గుండె కొట్టుకొనును. కాని ఆ యువతి తల్లికి చెప్పిన మూడు నియమములు వంటయింటి గోడమీద నంటింపదలచి పెద్దయక్షరములతో వ్రాసియుంచితిమి: నలుగురు గూడి పోవలెను, మాటాడుచు పోవలెను, ప్రొద్దుగ్రుంకకముందే ఇల్లు చేరవలెను. తాతగారి భారతభాగవతములను వస్త్రమున చుట్టి పెట్టెలో అన్నిటికంటె పైన పెట్టితిమి. పల్లెపిల్లలు వత్తురని మావారు చెప్పుచున్నారు. సాయంకాలము దీపము పెట్టినపిదప వారికి చదివి వినిపింతుము. జంతువుల భాష మాత్రము వారే మాకు నేర్పవలెను.