పియానో పాట

వేణువు విని గోపికలు పనులు మరచి పరుగెత్తిరని మన పురాణములు చెప్పుచున్నవి. వీణ విని మన పెద్దలు కన్నీరు పెట్టుకొనుట మనమెల్లరము చూచినదే. అందు వింత యేమియు లేదు. అవి మన వాద్యములు. కాని మన దేశమున పుట్టనిది, మన రాగముల కొరకు చేయబడనిది, మన యిండ్లలో మిక్కిలి యరుదుగా కనబడునదియు నగు పియానో యను పెట్టె ఒక తెలుగు పాటకు ముందు నాలుగు గడియలు కాదు, నాలుగు క్షణములు మ్రోగినంత మాత్రమున, కృష్ణాతీరమున పెరిగిన మనబోటివారికి గొంతు బరువెక్కుటకు కారణమేమి? ఈ ప్రశ్న చిరకాలముగా మమ్ము వెంటాడుచున్నది. చదువరులును దీనినిగూర్చి మాతో కొంచెము సేపు ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మేము చెప్పదలచినది 1964వ సంవత్సరమున వెలువడిన ‘పూజాఫలము’ అను చలనచిత్రములోని ‘పగలే వెన్నెల’ యను పాట. కథకు మూలము మునిపల్లె రాజుగారి ‘పూజారి’ యను నవల. దర్శకులు బి.ఎన్. రెడ్డిగారు. పాట వ్రాసినవారు సి. నారాయణరెడ్డిగారు, స్వరపరచినవారు సాలూరి రాజేశ్వరరావుగారు, పాడినవారు ఎస్. జానకిగారు. తెరమీద పియానో ముందు కూర్చున్నవారు జమునగారు. విని లోలోపల కరగిపోవువాడు అక్కినేని నాగేశ్వరరావుగారు ధరించిన మధు అను ధనికుడగు బిడియపు యువకుడు. వీరిలో పలువురు మన డెల్టావారే. జానకిగారు రేపల్లె ప్రాంతమున పుట్టిరి. జమునగారి బాల్యము దుగ్గిరాలలో గడచెను. నాగేశ్వరరావుగారు గుడివాడ ప్రాంతమువారు. కాలువగట్లమీద పెరిగిన ఈ తెలుగువారి నడుమకు ఒక పరదేశపు పెట్టె వచ్చి కూర్చుండి, చుట్టమువలె కలసిపోయినది.

ఈ చుట్టముయొక్క పుట్టుపూర్వోత్తరములను కొంచెము విచారింతము. ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమందు బార్తొలోమియో క్రిస్తోఫోరి యను వాద్యనిర్మాత సుమారు 1700 ప్రాంతమున దీనిని కల్పించెను. నేటి పియానోకు ఎనుబది యెనిమిది మెట్లుండును. మెట్టును నొక్కినచో లోపల ఉన్నిగుడ్డ తొడిగిన చిన్న సుత్తి లేచి తంతిని కొట్టి వెంటనే వెనుకకు పడిపోవును. వ్రేలు తీసినచో మెత్తని దిండువంటి యొక కట్టె తంతిమీద వ్రాలి నాదము నణచివేయును. క్రింద నొక పాదపుమెట్టు కలదు. దానిని త్రొక్కి యుంచినచో ఆ దిండ్లన్నియు పైకి లేచియుండి, కొట్టిన స్వరము తనంత తానే సన్నగిల్లువరకును మ్రోగుచుండును.

ఇందులో మన సంగీతమున కొక పెద్ద చిక్కు కలదు. సుత్తి తంతిని విడిచిన పిమ్మట ఆ స్వరముమీద వాయించువానికి అధికారము లేదు. వీణమీద వైణికుడు తంతిని లాగి ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారగలడు, ఊపగలడు, గమకము పలికింపగలడు. పియానోలో మెట్టునకు మెట్టునకు నడుమ దారి లేదు. ఈ లోపమే హార్మోనియమునందును గలదని పండితులు వాదింపగా, ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును బహిష్కరించిరి. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. ఆ వాదము నిజమే యైనచో, గమకము పలుకలేని పియానో మన మనస్సును పలికించుట యెట్లు?

మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక మాకు ఆనందవర్ధనుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. కావ్యమునకు ధ్వని ఆత్మ యని చెప్పిన ఆ మహానుభావుడు, వాచ్యార్థము తెలిసిన పిమ్మట క్రమముగా స్ఫురించు వ్యంగ్యమును గంట మ్రోతవెంట వచ్చు అనురణనముతో పోల్చినాడు. గంట కొట్టుట యొక క్షణము; మ్రోత చాలసేపు. పియానో చేయుపని సరిగా నిదియే. దాని స్వరము పుట్టిన క్షణముననే చావ నారంభించును. వేణువును ఊపిరి పోషించును, ఫిడేలును కమాను పోషించును. పియానో స్వరమును పోషించువారు లేరు. వినువాని చెవి ఆ క్షీణించు స్వరమును వెంబడించుచు పోయి, అది యాగినచోట తన మనస్సులోని దేనినో తాకును. ప్రేమయు నట్టిదే గదా! చేతికందిన క్షణముననే జారిపోవునేమో యను భయముతో కూడినది.

రాజేశ్వరరావుగారి నేర్పు ఇందు కనబడుచున్నది. ఆయన సాలూరు దగ్గర శివరామపురమున 1922లో జన్మించిరి, పదుమూడేండ్ల ప్రాయమున 1935 నాటి ‘శ్రీకృష్ణలీలలు’లో కృష్ణుడై తెరమీదికి వచ్చిరి, పిమ్మట కలకత్తా పోయి అచ్చటి సంగీతపు తీరులు వంటబట్టించుకొనిరి. 1951లో ఇదే బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’కి సంగీతము కూర్చినవారును వీరే. ‘పగలే వెన్నెల’లో ఆయన గమకమునంతయు జానకిగారి గొంతున కప్పగించిరి, పియానో చేత గమకము పలికింప యత్నింపలేదు. గొంతు చేయలేని పని, అనగా పలుస్వరములు ఒక్కసారి పలికి మెల్లమెల్లగా ఆరిపోవుట, పియానోకు విడిచిరి. ఎవరికి చేతనైన పని వారికి చెప్పుట మంచి గృహస్థుని లక్షణము. మంచి సంగీతదర్శకుని లక్షణమును నదియే. 1962 నాటి ‘ఆరాధన’లో ఘంటసాలగారి చేత పాడించిన పియానో పాటలోను ఈ న్యాయమే చూడనగును.

కవియు దీనికి తోడ్పడినాడు. పాటయంతయు ‘అట్లు జరిగినచో’ యను ఊహమీద నడచుచున్నది. మమ్మటుడు ‘యది’ యను నర్థముతో చేయు కల్పనను అతిశయోక్తిలో నొక భేదముగా చెప్పినాడు. లోకమున జరుగనిది ‘జరిగినచో’ అని మొదలుపెట్టినంతనే మన మనస్సునకు రెక్కలు వచ్చును. కాని అది జరుగదను నెరుకయు అడుగున నుండనే యుండును. ఆ సంతోషమునకు గొంతు, ఆ యెరుకకు పియానో.

మధురమైన ధ్వని వినినపుడు సుఖముగా నున్నవానికి సైతము కారణము తెలియని బెంగ కలుగునని కాళిదాసు శాకుంతలము పంచమాంకమున దుష్యంతునిచేత పలికించినాడు. లోపల హంసపదిక పాడుచున్నది. రాజునకు తాను మరచినదేదో తెలియదు. కాని మనస్సు కలత చెందినది. శాపము జ్ఞాపకమును చెరపినను, పాట దాని చోటును మాత్రము చూపినది.

పాశ్చాత్యులలోను ఇట్టిదే యొకటి గలదు. 1945లో డేవిడ్ లీన్ తీసిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ అను చిత్రమున లారా యను గృహిణి సాయంకాలము ఇంట కూర్చుండి రేడియోలో పియానో వినుచుండును. ఎదుట భర్త పత్రికలోని పదముల చిక్కు విప్పుకొనుచుండును. తాను మనసిచ్చి, ధర్మము తలచి విడిచివచ్చిన యొకానొకనిని ఆమె ఆ సంగీతములో స్మరించుచుండును, పైకి చెప్పలేదు. ఆ సంగీతము రష్యా దేశీయుడగు రఖ్మానినోవ్ రచించిన రెండవ పియానో కచేరీ. తన మొదటి సింఫొనీ 1897లో పరాభవము పొందగా ఏండ్లతరబడి మనోవ్యాధికి లోనై, కోలుకొనిన పిమ్మట ఆయన దానిని రచించెను. 1901లో మాస్కోలో అది సంపూర్ణముగా వినిపింపబడెను. నోరు విప్పలేని స్త్రీకి ఆ పెట్టె నోరైనది.

ఇంతవరకు శాస్త్రము చెప్పితిమి. శాస్త్రము చెప్పుట సులభము. ఇక మా యింటి సంగతి చెప్పవలసి యున్నది; దానికొరకే ఈ వ్యాసము వ్రాయ బూనితిమి.

మాది విజయవాడ సత్యనారాయణపురము. మా మేనత్తగారు పెండ్లియైన నాలుగవయేట భర్తను పోగొట్టుకొని పుట్టినిల్లు చేరిరి. మా తాతగారు సంస్కరణాభిమాని. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగముగారి పటము మా చావడిలో వ్రేలాడుచుండెడిది. ఆయన కూతురునకు మారు మనువు చేయుదుననిరి, ఆమె వలదనిరి. చదువు చెప్పించిరి, ఆమె ఉద్యోగము చేసి తన కాళ్లమీద తాను నిలిచిరి. ఇంట నెవరును ఆమెను పరుషముగా నొక మాట యనలేదు. కాని రేడియోలో ప్రేమగీతము వచ్చినంతనే ఎవరో యొకరు చప్పున దానిని కట్టివేసెడివారు. ఆమెకు నొప్పి కలుగునేమో యని! మేము చిన్నతనమునుండియు దీనిని చూచుచు పెరిగితిమి. ఆ యింట పాటకు నిషేధమని యెవరును చెప్పలేదు. దయ యను పేర అది అమలు జరిగినది.

మాకు పదియేండ్లు వచ్చియుండును. ఒకనాటి మధ్యాహ్నము అత్తయ్య చేటలో బియ్యము పోసికొని రాళ్లు ఏరుచుండిరి. విజయవాడ రేడియోలో ఆ పియానో మ్రోగినది. నాన్నగారు లేచి చేయి చాచిరి.

“తమ్ముడూ, కట్టకురా. అది నా పాట” అనిరి అత్తయ్య.

నాన్నగారి చేయి నిలిచిపోయినది. అమ్మ వంటయింటి గుమ్మములోనికి వచ్చి నిలువబడినది. పాట సాగుచున్నంతసేపును అత్తయ్య వ్రేళ్లు చేట యంచుమీద మెట్లు నొక్కినట్లు కదలుచుండెను. ఆమె యేడువలేదు, నాన్నగారే ముఖము త్రిప్పుకొనిరి. పాట ముగిసిన పిమ్మట అమ్మతో, “ఈ సినిమా మేమిద్దరమూ ఇక్కడే చూశాం, వదినా. తిరిగి రిక్షాలో వస్తుంటే మీ అన్నయ్యగారు దారి పొడుగునా నా గాజుల మీద పియానో వాయించారు” అని చెప్పి నవ్విరి.

ఇరువదియేండ్లకు పైగా ఆ యింట నున్న ఆమె నోట భర్త ముచ్చట మేము వినుట అదియే మొదలు. దుఃఖము కలుగునని మేము దాచిన దానియందే ఆమె సౌఖ్యము దాగియుండెను. అటుపిమ్మట రేడియోను కట్టివేయువారు లేరు. ఆమె కూనిరాగములు తీసెడివారు. వీధిలోని ఆడపిల్లలకు పాటలు నేర్పిరి. గొంతు గొప్పది కాదు గాని శ్రుతి తప్పెడిది కాదు.

దీనినుండి మేము గ్రహించిన దొకటి గలదు. వితంతువునకు మరల వివాహము చేసికొను హక్కు 1856 నాటి చట్టముచేతనే వచ్చినది. చదువు, ఉద్యోగము, ఆస్తి తరువాత వచ్చినవి. కాని తాను ప్రేమించినదానిని నలుగురి యెదుట సంతోషముగా స్మరించుకొను హక్కు ఏ చట్టమును ఈయజాలదు. అది ఇంటివారు ఈయవలసినది. మన సంస్కరణము చావడి వరకు వచ్చి, వంటయింటి గడపకు ఈవల ఆగిపోవుట తరచు జరుగుచున్నది. ఒంటరియైన స్త్రీ పసుపుబట్ట కట్టినచో మనము ఆక్షేపింపము; ప్రేమగీతము పాడినచో మాత్రము ఒకరి ముఖము నొకరు చూచుకొందుము.

సినిమాపాట చవుకబారుదని, అది విన్నచో పిల్లలు చెడుదురని చెప్పు మిత్రులు మాకు గలరు. చవుకబారు పాటలు కలవు, కాదనము. చవుకబారు పద్యములును కలవు. ఏరుకొనుట మన పని. నేడు విజయవాడలో మధ్యతరగతి యిండ్లలో విద్యుత్తుతో పనిచేయు కీబోర్డులు వచ్చినవి. పిల్లలు తరగతులకు పోయి నేర్చుకొనుచున్నారు. మంచిదే. ఆ పిల్లలచేత పరీక్షపాఠములతో పాటు ఇట్టి పాట యొకటి వాయింపించుడు. వాయించునపుడు ఇంటిలోని పెద్దవారిని, ముఖ్యముగా ఒంటరిగా మిగిలినవారిని, పిలిచి దగ్గర కూర్చుండబెట్టుడు. వారికి నొప్పి కలుగునేమో యని మీరు ముందుగా నిశ్చయింపకుడు. నొప్పియో, సౌఖ్యమో, రెండును గలసినదో వారే చెప్పుదురు. చెప్పకున్నను వారి వ్రేళ్లు చెప్పును.