డాలస్ నుంచి అరుగు చూడాలంటే

మా వైపు ఊళ్లలో ఇప్పుడు గేటుకి గొళ్లెం లేకపోయినా సీసీ కెమెరా ఉంటోంది. పిల్లలు డాలస్‌లోనో, దోహాలోనో, కాదంటే గచ్చిబౌలిలోనో ఉంటారు. ఇక్కడ అమ్మా నాన్నా, ఒక కుక్క, నాలుగు కెమెరాలు. సంక్రాంతికి వచ్చిన కొడుకు దగ్గరుండి బిగించి విమానం ఎక్కుతాడు. వారం తిరక్కుండా ఫోన్లు మొదలు. "నాన్నా, కెమెరా రావట్లేదు, ఆ పెట్టె ఒకసారి ఆపి వెయ్యి." ఏది ఆపాలో తెలియక ఆయన టీవీ వెనక చెయ్యి పెట్టి చేతికందిన మీటలన్నీ ఆపి, మళ్లీ వేస్తారు. కాసేపు బాగానే వస్తుంది. ఆ తర్వాత షరా మామూలే, తెర మధ్యలో చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది.

కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసని మా బంధువుల నమ్మకం. అలా ఈ కెమెరాల పంచాయితీలు నా దగ్గరికి చేరాయి. మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. "మాకిక్కడ గిగాబిట్ నెట్ అన్నయ్యా, నా వైపు సమస్యే లేదు" అని ముందే తీర్పు చెప్పేశాడు. వాడి వైపు సమస్య లేని మాట నిజమే. కానీ బొమ్మ పుట్టేది డాలస్‌లో కాదు, తణుకు పక్కన పిన్నివాళ్ల వరండాలో. అక్కణ్ణుంచి బయటికి ఎంత వేగంగా వెళ్లగలిగితే వాడికి అంతే అందుతుంది.

నెట్ పెట్టించుకునేటప్పుడు మనం అడిగేదల్లా సినిమా ఎంత వేగంగా దిగుతుందని. ఎక్కే వేగం, అంటే అప్‌లోడ్, ఎంతని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చిన రోజుల్లో దిగడానికి 24 ఎంబీపీఎస్ దాకా వీలుంటే, ఎక్కడానికి ఒకటి, మహా అయితే ఇంకాస్త. ఫైబర్ వచ్చాక ఆ తేడా బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మన వీధుల్లోకి వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో ఒక్కో పోగు మీద దిగడానికి దాదాపు 2.5 గిగాబిట్లు, ఎక్కడానికి 1.25 గిగాబిట్లు. ఆ పోగునే 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. ఇక నెల కోటా దాటిందా, చాలా ప్లాన్లలో వేగం అమాంతం పడిపోతుంది. రికార్డింగ్ ఇంట్లోని డిస్కులోకి వెళితే కోటాకి నష్టం లేదు. పెట్టె లేకుండా నేరుగా క్లౌడ్‌లోకి ఎక్కించే కెమెరాల సంగతి వేరు. 4 ఎంబీపీఎస్ చొప్పున రాత్రింబవళ్లు ఎక్కిస్తే ఒక్క కెమెరాకే రోజుకి 43 జీబీ, నెలకి దాదాపు 1,300 జీబీ. నెలాఖరులోనే కెమెరా మొరాయిస్తోందంటే కెమెరాని తిట్టి లాభం లేదు, నెట్ బిల్లు తీసి చూడాలి.

వెతకడం ఎప్పుడూ ఇంట్లోంచే మొదలెట్టాలి. కెమెరాల బొమ్మల్ని రికార్డు చేసే పెట్టెకి, అంటే డీవీఆర్‌కి, నేరుగా టీవీ తగిలించి చూస్తే అక్కడే బొమ్మ ఆగి ఆగి వస్తోందా? అయితే నెట్‌కి సంబంధం లేదు. ఎండకీ వానకీ తుప్పు పట్టిన కనెక్టర్నో, గేటు దగ్గరి వైఫై కెమెరానో అనుమానించాలి. పాత ఇళ్లలో తొమ్మిదంగుళాల గోడలు రెండు దాటేసరికి వైఫై సగం చస్తుంది. దానికి తోడు ఈ కెమెరాల్లో చాలావాటికి తెలిసింది 2.4 గిగాహెర్ట్‌జ్ ఒక్కటే. అందులో ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా వాడుకోదగ్గవి మూడే చానెళ్లు, 1, 6, 11. వీధిలో రూటర్లన్నీ వాటి మీదే కూర్చుని ఉంటాయి. టీవీలో బాగుంటే, అదే ఇంటి వైఫై మీద ఫోన్లో చూడాలి. అక్కడా బాగుంటే వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడాలి. అప్పుడు చక్రం తిరిగిందంటే దొంగ దొరికినట్టే, ఇంటి నుంచి బయటికెళ్లే దారిలోనే ఉన్నాడు.

పిన్నివాళ్లింట్లో అదే జరిగింది. అప్‌లోడ్ పది ఎంబీపీఎస్ కూడా లేదు. బాబాయ్ స్టూలు ఎక్కి అటక మీంచి డీవీఆర్ దింపబోతే వద్దని ఆపి, మౌస్ తగిలించాను. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "అడ్మిన్ అని కొట్టి, ఒకటి నుంచి ఆరు దాకా కొట్టండి సార్, మేం అందరికీ అదే పెడతాం" అన్నాడు. దాని సంగతి తర్వాత చెప్తాను. లోపల సెట్టింగ్స్‌లో మెయిన్ స్ట్రీమ్ అన్నచోట 2560 బై 1440, సెకనుకి 25 ఫ్రేములు, 4096 కేబీపీఎస్ అని ఉంది. దాని పక్కనే సబ్ స్ట్రీమ్ అని ఇంకోటి, 640 బై 360, 512 కేబీపీఎస్. ఈ కెమెరాలు ఒకే దృశ్యాన్ని రెండు సైజుల్లో ఒకేసారి తయారు చేస్తాయి. పెద్దది డిస్కులో దాచడానికి, చిన్నది దూరం నుంచి చూసేవాళ్లకి. మావాడు యాప్‌లో హెచ్‌డీ నొక్కి, నాలుగు కెమెరాలూ ఒకే తెర మీద పరుచుకుని చూస్తున్నాడు. అరచేతిలో పట్టే తెర, అందులో పావు వంతు బొమ్మ, దానికి మెయిన్ స్ట్రీమ్! నాలుగు నాలుగులు పదహారు ఎంబీపీఎస్ వాడొక్కడికే కావాలి. అదే సమయానికి బెంగళూరులో చెల్లెలు తెరిస్తే ఇంకో పదహారు. పెట్టె ఎవరి కాపీ వాళ్లకి విడివిడిగా పంపుతుంది మరి. ఇద్దరి సంగతి అటుంచి, ఒక్కడికి సరిపడా కూడా ఆ ఇంట్లో లేదు. సబ్ స్ట్రీమ్‌కి మారిస్తే నాలుగూ కలిపి రెండు ఎంబీపీఎస్‌తో సరి. ఎవరైనా వచ్చినట్టు కనిపించినప్పుడు ఆ ఒక్క కెమెరాని పెద్దది చేసుకుని హెచ్‌డీ నొక్కుకోవచ్చు.

"మరి మసగ్గా ఉంటుందేమోరా" అంది పిన్ని, కాఫీ గ్లాసు చేతికిస్తూ. ఉండదని కాదు. కానీ కదలని స్పష్టమైన బొమ్మ కంటే, కాస్త మసకైనా కదిలే బొమ్మే కాపలాకి పనికొస్తుంది.

అంతా సరిచేశాక కూడా తెరవగానే కాసేపు నల్లటి తెర కనిపించి తర్వాత గానీ బొమ్మ రాలేదు. దీనికి కారణం వేరు. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఒక పూర్తి బొమ్మ, దాని వెనక అంతా "ఇక్కడ ఇంత మారింది" అన్న లెక్కలు మాత్రమే. ఆ పూర్తి బొమ్మని ఐ ఫ్రేమ్ అంటారు. అది అందేదాకా యాప్ చూపించడానికి ఏమీ ఉండదు. సెకనుకి 25 ఫ్రేములుండి ఐ ఫ్రేమ్ ఇంటర్వెల్ 50 అయితే రెండు సెకన్లకి మించి ఆగక్కర్లేదు. అదే సబ్ స్ట్రీమ్‌ని సెకనుకి 10 ఫ్రేములకి తగ్గించి, ఇంటర్వెల్ మాత్రం 100 దగ్గరే వదిలేస్తే పది సెకన్ల దాకా ఎదురు చూపులే. డిస్కు ఆదా అవుతుందని ఈ మధ్య పెట్టెల్లో స్మార్ట్ కోడెక్ లాంటి పేర్లతో ఒక మీట పెడుతున్నారు. అది చేసే పనుల్లో ఐ ఫ్రేముల మధ్య దూరం పెంచడం ఒకటి. డిస్కులో చోటు మిగులుతుంది, తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. ఆ మీట ఆపేసి, 10 ఫ్రేములకి ఇంటర్వెల్ 20 పెట్టాను.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఒకప్పుడు ప్రతి ఇంటి కనెక్షన్‌కీ బయటి ప్రపంచానికి కనిపించే ఐపీ అడ్రసు ఒకటి ఉండేది. పాత పద్ధతిలో ఉన్న అడ్రసులు మొత్తం 429 కోట్లు. మన ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి పంచే సంస్థ దగ్గర మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకని నెట్ కంపెనీలు వందల ఇళ్లని ఒకే అడ్రసు వెనక పెడుతున్నాయి. అపార్ట్‌మెంట్ పేరు ఒక్కటే రాసి ఫ్లాట్ నంబరు వెయ్యని ఉత్తరం వాచ్‌మన్ చేతికొస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? బయటి నుంచి మీ డీవీఆర్‌ని పిలిచినా అంతే, ఎవరింటికి చేర్చాలో తెలియదు. అందుకే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వాడే యాప్‌లు ఒక ఉపాయం పన్నుతాయి. పెట్టే, ఫోనూ రెండూ కెమెరా కంపెనీ సర్వర్‌ని పలకరిస్తాయి, అది ఇద్దరినీ కలుపుతుంది. కలిపి తప్పుకుంటే హాయి. కలపలేనప్పుడు వీడియో అంతా ఆ సర్వర్ మీదుగానే పోతుంది. ఆ సర్వర్ ఏ సింగపూర్‌లోనో ఉందనుకోండి, పొలంలో కెమెరాని ఊళ్లో అరుగు మీంచి చూసినా బొమ్మ సముద్రం దాటి వెళ్లి రావలసిందే. అందరూ వాడుకునే ఉచిత సర్వర్ కాబట్టి ఒక్కొక్కరికీ ఇచ్చే వేగం కూడా కొలిచే ఇస్తారు. రూటర్‌లో బయటి అడ్రసు 100.64కీ 100.127కీ మధ్య మొదలైతే మీరు ఈ గుంపులో ఉన్నట్టు. దానికి మందు స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే చెందిన అడ్రసు, నెలకి కొంత కట్టి తీసుకోవచ్చు. అడ్రసుల కొత్త పద్ధతి ఐపీవీ6 ఇంకో దారి. దాని వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలోనే ఉంది, కానీ చాలా డీవీఆర్‌లలో ఆ మీట ఎవరూ వెయ్యకుండా పడి ఉంటుంది.

డాలస్ దూరానికి మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. గాజు పోగులో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా కొలిచినా మనకీ డాలస్‌కీ 14 వేల కిలోమీటర్ల పైమాటే, కేబుళ్లు తిన్నగా పోవు కూడా. ఒక కబురు వెళ్లి రావడానికి పావు సెకను వేసుకోండి. ఒక విడతకి 64 కిలోబైట్లు పంపి, అందిందన్న జవాబు కోసం ఆగే పాత పెట్టెలున్నాయి. అలాంటిది అమెరికాకి 2 ఎంబీపీఎస్‌కి మించి పంపలేదు, ఇంట్లో ఎంత అప్‌లోడ్ ఉన్నా సరే. అదే పెట్టె, జవాబు త్వరగా తిరిగొచ్చే రాజమండ్రికైతే, 25 దాకా పంపగలదు. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడైతే మన దగ్గరా గల్ఫ్‌లోనూ నెట్ నెమ్మదించింది. అలాంటి రోజున బాబాయ్ ఎన్నిసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద సిమ్ కార్డు కెమెరాలు పెడుతున్నారు, మేత బస్తాలకీ ఏరేటర్ మోటార్లకీ కాపలాగా. సోలార్ పలకతో నడిచే రకాలు బ్యాటరీ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంటాయి. మీరు యాప్ తెరిచాకే లేచి టవర్‌ని వెతుక్కుంటాయి. అక్కడి ఆలస్యం రోగం కాదు, దాని తత్వమే అంత.

లైవ్ కంటే ప్లేబ్యాక్ బాధ ఎక్కువ. నిజంగా అవసరం పడేదీ అదే. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలకి కెమెరాలు తప్పనిసరి చేసి, రికార్డింగ్ 30 రోజులు దాచమంది. దాచడం అందరూ దాస్తున్నారు, తీయడం దగ్గరే తంటా. దూరం నుంచి టైమ్ చూపే గీతని వేలితో ముందుకీ వెనక్కీ జరిపిన ప్రతిసారీ పెట్టె డిస్కులో కొత్తచోట వెతికి మెయిన్ స్ట్రీమ్ మళ్లీ మొదలెడుతుంది. రెండు స్ట్రీములూ రికార్డు చేసే వీలు మీ పెట్టెలో ఉంటే పెట్టించండి, చిన్నదాంట్లో వెతికి, దొరికిన నిమిషాన్ని మాత్రం పెద్దదాంట్లోంచి దింపుకోవచ్చు. డిస్కు కూడా సీసీ కెమెరాల కోసం చేసిందే కొనాలి. పాత కంప్యూటర్‌లోంచి పీకి పెట్టింది రాత్రింబవళ్ల రాతకి తట్టుకోదు, చెడిపోయే ముందు ప్లేబ్యాక్ ఈడ్చుకుంటూ వస్తుంది. గడియారం సంగతి చెప్పనే లేదు. కొన్ని పెట్టెలు చైనా టైమ్‌తో వస్తాయి, మనకంటే రెండున్నర గంటలు ముందు. అర్ధరాత్రి దొంగని తెల్లవారుజామున వెతికే యోగం అందుకే పడుతుంది.

ఇక ఆ పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి కెమెరాల్లోకీ డీవీఆర్‌లలోకీ దూరింది. దూరడానికి అది పెద్ద విద్యేమీ ప్రదర్శించలేదు, కంపెనీలు పెట్టి పంపే పేర్లూ పాస్‌వర్డులూ 60కి పైగా జతలు ఒక్కొక్కటే కొట్టి చూసింది. దొరికిన పెట్టెల్ని కూడగట్టి ఆ అక్టోబర్ 21న, వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసులు చెప్పే డైన్ అనే సంస్థ మీద ఎగబడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. అలా పరాయివాడి చేతిలో పడిన పెట్టె మీ అప్‌లోడ్‌ని వాడి పనికి వాడుతుంటే మీ కెమెరా నెమ్మదించక ఏం చేస్తుంది? స్పీడు కోసమని రూటర్‌లో పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి దారులు, తెరిచి, అడ్మిన్ పాస్‌వర్డ్ అలాగే ఉంచడం కంటే చక్రం తిరుగుతూ ఉండటమే నయం.

కెమెరాలు బిగించే తమ్ముళ్లకి ఒక్క విన్నపం. డబ్బు తీసుకునే ముందు మీ ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ ఇంటి కెమెరాలు ఒకసారి తెరిచి చూపించండి. సబ్ స్ట్రీమ్ పెట్టి వెళ్లండి, గడియారం మన టైమ్‌కి తిప్పండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి ఆ ఇంటి పెద్దవాళ్ల చేతికివ్వండి. ఎంతసేపు చేసినా పావుగంట పని.