గోటి మీద మే నెల

చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగం. ఈ లెక్క తెలిస్తే గోటి మీద తారీఖులు చదవొచ్చు.

2021 ఆగస్టు మొదట్లో అమ్మ రెండు బొటనవేళ్ళూ నా ముందు పెట్టింది. గోళ్ళ మీద అడ్డంగా పల్లం, తడిమితే వేలికి తగిలేంత. "కాల్షియం తక్కువైందేమోనే," అంది. (మా ఇంట్లో గోటికి ఏమొచ్చినా కాల్షియమే.) స్కిన్ డాక్టరమ్మ మాత్రం మందుల ఊసెత్తలేదు. గోరు మొదలు నుంచి గీత దాకా స్కేలు పెట్టింది. 6 మిల్లీమీటర్లు. అంటే రెండు నెలలు, చర్మం కింద దాగిన ముక్కకి ఇంకో నెల. "మే మొదట్లో పెద్ద జ్వరమేమైనా వచ్చిందాండీ?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను. ఇద్దరికీ ఒకే వారంలో కోవిడ్. నాన్న ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

వీటిని బో గీతలంటారు. 1846లో జోసెఫ్ బో అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. పెద్ద జబ్బు చేసినప్పుడు గోటిని తయారుచేసే కణాలు కొన్నాళ్ళు పని ఆపేస్తాయి, మళ్ళీ మొదలుపెడతాయి. ఆ మధ్య లోటే గుంటగా పైకొస్తుంది. కోవిడ్ అయినా, ఇంకో తీవ్రమైన జ్వరమైనా, కీమోథెరపీ అయినా అదే గీత. ఎప్పుడన్నది చెబుతుంది గానీ ఏం జబ్బో చెప్పదు. పసిపిల్లల్లో వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ ఇంకా విచిత్రం. పొక్కులు మానిన ఒకటి రెండు నెలలకి కొందరికి గోరు మొదలంటా ఊడొస్తుంది. సాధారణంగా నొప్పుండదు, కింద కొత్త గోరు తయారుగానే ఉంటుంది. కానీ జ్వరం సంగతే మర్చిపోయిన తల్లికి గుండె ఆగినంత పనవుతుంది.

తిరిగొస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది, "ఉండుంటే మీ నాన్నకీ వచ్చేదా?"

వచ్చేదేమోనన్నాను.

ఆ రోజులవి నా దగ్గర మిగిలినవన్నీ కాగితాలే. ఆక్సిమీటర్ అంకెలు గీకిన పాత డైరీ, బిల్లులు, సర్టిఫికెట్. అమ్మ గోటి మీద గీత ఒక్కటే కదులుతూ ఉండేది. కూర తరుగుతున్నప్పుడు, పూలు కడుతున్నప్పుడు నా కళ్ళు అక్కడికే పోయేవి.

అక్టోబరు చివరికి అది అంచుకొచ్చింది. ఆ ఏడు మాకు దీపావళి లేదు. ముందు ఆదివారం పొద్దున్నే అమ్మ వరండాలో పేపరు పరుచుకుని గోళ్ళు తీసుకుంది. ముక్కలు పొట్లం కట్టి చెత్తబుట్టలో వేసింది. తర్వాత కాళ్ళు చాపి చూసుకుంది. కాలి బొటనవేలి మీద గీత ఇంకా సగం కూడా దాటలేదు.