రెండో వాటా ఖాళీ చేయడం

ఒకే కంప్యూటర్లో విండోస్ పక్కన లినక్స్ ఎలా పెట్టుకోవాలో చెప్పేవాళ్ళు మా ఇంజినీరింగ్ రోజుల్లో హాస్టల్ గదికి ఒకరుండేవారు. పెట్టినదాన్ని ఎలా తీయాలో చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ గుర్తులేరు. తీసే అవసరం వచ్చేసరికి సెమిస్టర్ అయిపోయేది, లేదంటే మొత్తం ఫార్మాట్ కొట్టేసేవాళ్ళం. పోవడానికి సినిమాలూ, ల్యాబ్ రికార్డులూ తప్ప ఏమున్నాయి గనక!

ఈసారి తీయాల్సిన కంప్యూటర్ మా నాన్నది. అందులో ఆయన నాలుగేళ్ళుగా రాస్తున్న పుస్తకం ఉంది.

నాన్న తెనాలిలో తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యారు. నేను 2016లో కొనుక్కున్న ల్యాప్‌టాప్‌ని హైదరాబాద్‌లో కొత్తది కొన్నాక ఆయనకిచ్చేశాను. అప్పటికే అందులో రెండు వాటాలున్నాయి. 500 జీబీ డిస్క్‌లో ఇంచుమించు 350 విండోస్ 10కి, 150 ఉబుంటుకి. ఆయనకి కావలసింది పేజ్‌మేకర్, అను ఫాంట్లు. రెండూ విండోస్ వైపే. ఊరెళ్ళినప్పుడల్లా నేను ఉబుంటులోకి దూరి నా పాత రివ్యూలు తిరగేసుకునేదాన్ని. ఇన్నాళ్ళూ ఎవరి గోల వాళ్ళది. ఆయన పాత పుస్తకాలు స్కాన్ చేయించి దాచడం మొదలుపెట్టాక సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపించసాగింది. "ఆ రెండోది తీసెయ్యమ్మా, చోటు చాలట్లేదు" అన్నారు.

నిజానికి తర్కం ప్రకారం పోవాల్సింది విండోసే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు. లినక్స్ అయితే ఇంకో పదేళ్ళు హాయిగా నడుస్తుంది. కానీ దాదాపు డెబ్బై ఏళ్ళ మనిషిని, వేళ్ళకి అలవాటైన కీబోర్డు మార్చుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ల్యాప్‌టాప్‌కి వైఫై ఉండదు, నెట్ కావాలంటే ఫోన్ ఉంది, అని ఒప్పందం చేసుకున్నాం.

ఈ రెండు వాటాల మధ్య ఒక తమాషా ఉండేది. ఉబుంటు లోంచి చూస్తే విండోస్ ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. నాన్న వర్డ్‌లో రాసుకున్న ఫైలు తెరిస్తే మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలగలిసిన పిచ్చిగీతలు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు కదా, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెడతాయి. ఫాంట్ లేకపోతే ముసుగు తొలగిపోతుంది. అటునుంచి ఇటు ఇంకా కష్టం. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌ని విండోస్ తనంతట తాను చదవలేదు. అంటే, నాన్న రాసింది నాకు కనిపించేది గానీ చదవడానికి వచ్చేది కాదు. నేను రాసింది ఆయనకి అసలు కనిపించేదే కాదు. ఒకే డిస్క్ మీద.

సరే, తీయడం సంగతి. మా చిన్నప్పుడు అద్దెకున్నది వాటాల ఇల్లు. ఎవరి వాటా ఎక్కడిదాకానో గోడలు చెప్పేవి. తగాదాలన్నీ వీధి వసారా దగ్గరే. డ్యుయల్ బూట్‌లోనూ అంతే. పార్టిషన్ల మధ్య గోడ గట్టిదే. చిక్కంతా కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు ఎవరు లేస్తారన్న దగ్గరుంది.

పాత బయోస్ కంప్యూటర్లలో డిస్క్ మొదట్లో 512 బైట్ల చోటుండేది. అందులో బూట్ కోడ్‌కి దక్కేది 446 బైట్లు. లినక్స్ పెట్టగానే గ్రబ్ వచ్చి, అక్కడున్న విండోస్ కోడ్‌ని చెరిపి తను కూర్చునేది. 2012లో విండోస్ 8తో ల్యాప్‌టాప్‌లలో మామూలైపోయిన యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. ఇక్కడ ఈఎఫ్ఐ పార్టిషన్ అని విడిగా ఒక చిన్న వసారా ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్‌కో ఫోల్డర్, ఉబుంటుకో ఫోల్డర్. ఎవరిని ముందు లేపాలన్న జాబితా మదర్‌బోర్డ్ తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఎవరూ ఎవరినీ చెరపరు, వరస మారుతుందంతే. మా హాస్టల్ కాలపు చిట్కా, అంటే విండోస్ సీడీ పెట్టి ఎంబీఆర్ రిపేర్ చేయడం, ఇక్కడ ఎందుకూ కొరగాదు. అయినా ఇప్పటికీ అదే చెప్పేవాళ్ళున్నారు.

మరి యూఈఎఫ్ఐలో ప్రమాదం ఎక్కడ? "విండోసా, ఉబుంటూనా" అని అడిగే గ్రబ్ తాలూకు మొదటి ముక్క వసారాలో ఉంటుంది గానీ, దాని చిట్టా పద్దులన్నీ లినక్స్ వాటాలో ఉంటాయి. మా ఆఫీసులో ఒకతను ముందు లినక్స్ పార్టిషన్ డిలీట్ చేసి, తర్వాత కంప్యూటర్ ఆపి ఆన్ చేశాడు. నల్లటి తెర మీద గ్రబ్ అని నాలుగు అక్షరాలు, పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత. గుమ్మంలో కాపలావాడున్నాడు, వాడి పద్దుల పుస్తకం ఉన్న గది కూలిపోయింది. విండోస్ లోపల నిక్షేపంగా ఉంది. అది తెలియక ఆ అబ్బాయి మొత్తం డిస్క్ ఫార్మాట్ చేయబోతుంటే పక్క సీటాయన ఆపాడు.

కాబట్టి వరస ముఖ్యం. ముందు గుమ్మం తాళం విండోస్ చేతికివ్వాలి, ఆ తర్వాతే గది కూలగొట్టాలి. దానికన్నా ముందు సామాను బయటపెట్టాలి.

సామానుకే నాకు ఒక శనివారం పట్టింది. నాన్న పుస్తకాన్ని రెండు ఎక్స్‌టర్నల్ డిస్క్‌ల మీదకి కాపీ చేసి, అను ఉన్న ఇంకో కంప్యూటర్లో తెరిచి చూశాను. కాపీ అయిందన్నది ఒక మాట, తెరుచుకుందన్నది ఇంకో మాట. అధ్యాయాలన్నీ పీడీఎఫ్ కూడా చేశాను. నా వైపు సామాను ఇంకాస్త సతాయించింది. నా వ్యాసాల ఫైళ్ళకి తెలుగులో ప్రశ్నలే పేర్లు, చివర ప్రశ్నార్థకంతో సహా. లినక్స్‌కి అభ్యంతరం లేదు. విండోస్ మాత్రం ఫైలు పేరులో ప్రశ్నార్థకాన్ని గానీ, రెండు చుక్కల్ని గానీ ఒప్పుకోదు. అందుకని ఒక కాపీని యథాతథంగా టార్ ఫైలుగా మూటగట్టి, ఇంకో కాపీలో ప్రశ్నార్థకాలన్నీ పీకేసి, అది నాన్న డెస్క్‌టాప్ మీద పెట్టాను. హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లు కూడా ఉంటాయి, పాస్‌వర్డ్ తాళాలూ, బ్రౌజర్ బుక్‌మార్కులూ వాటిలోనే. మామూలుగా చూస్తే అవి కనిపించవు.

తర్వాత బిట్‌లాకర్. అది ఆన్‌లో ఉన్న కంప్యూటర్లో బూట్ వరస మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది చేతిలో లేకపోతే ఫైళ్ళన్నీ ఉండీ లేనట్టే. నాన్న ల్యాప్‌టాప్‌లో ఆన్ చేసి లేదు. అయినా చూశాకే ముందుకెళ్ళాను.

ఇక తాళం. ఆన్ అవుతుండగా సెటప్‌లోకి వెళ్ళి, జాబితాలో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి జరిపి, లినక్స్‌ని ముట్టుకోకుండా రెండు రోజులు అలాగే వాడమన్నాను. రీస్టార్ట్ చేసినా, పూర్తిగా ఆపి ఆన్ చేసినా గ్రబ్ మొహం కనపడకూడదు. కనపడలేదు. పనిలో పనిగా నాన్న పాత ఫిర్యాదొకటి కూడా తీరింది. "అమ్మాయి వచ్చి వెళ్ళిందంటే నా గడియారం ఐదున్నర గంటలు వెనక్కెళ్తుంది" అనేవారు. లినక్స్ మదర్‌బోర్డ్ గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో పెడుతుంది. విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే తెల్లవారుజాము మూడున్నర చూపించేది.

అసలు కూల్చడం ఐదు నిమిషాల పని. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్లకి పేరూ అక్షరమూ ఉండవు, సైజు చూసే గుర్తుపట్టాలి. ముందు రోజు ఉబుంటులో కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్న సైజులతో పోల్చాను. స్వాప్‌తో కలిపి రెండు. ఈఎఫ్ఐ, రికవరీ అని రాసున్న వాటి జోలికి పోకూడదు. చిన్నవి కదా, చెత్త అనుకుని తుడిచేస్తే విండోసే లేవదు. మన ఖాళీ చోటు సి డ్రైవ్‌కి కుడిపక్కనే ఆనుకుని ఉంటేనే అది అందులో కలుస్తుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డొస్తే విండోస్ సొంత పనిముట్టుతో కుదరదు. మాకు ఆనుకునే ఉంది, కలిసిపోయింది.

వసారాలో ఉబుంటు ఫోల్డర్ని కూడా తీసేశాను. బూట్ జాబితాలో ఉబుంటు అనే పేరు ఇంకా ఉంది. దాంతో నష్టమేం లేదు, ఈసారి వెళ్ళినప్పుడు చూడాలి.

డెస్క్‌టాప్ మీది ఫోల్డర్ని నాన్న రోజుకొక ఫైలు చొప్పున చదువుతున్నారు. మొన్న ఫోన్ చేసి, "2017లో రాసినవన్నీ 'అనిపించింది' అనే ఆగుతున్నాయేమిటమ్మా, అనిపించిందంతా విమర్శేనా?" అని అడిగారు. నేను ఒప్పుకోలేదు. వాదన నడుస్తోంది.