చిన్న కంపెనీల ప్లేట్లు

కామాఠిపురాలో మా గల్లీవారు మమ్ములను పేరుతో పిలవడం మానివేసి చాలా కాలమయినది. "భోంగా బాబాయి" అంటేనే అందరికీ తెలుస్తుంది. భోంగా అంటే మరాఠీలో గ్రామఫోను కొమ్ము. నిజానికి మా దగ్గర కొమ్ము లేదు, వున్నది పెట్టె గ్రామఫోనే. అయినా పేరు నిలిచిపోయినది.

మేము మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, ఒక ఆఫీసులో గుమాస్తాగా వున్నాము. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు వున్న ఖోలీలో మా అమ్మ, మా ఇంటావిడ, మా అమ్మాయి, మేము కాపురముంటున్నాము. మాతోపాటు 212 గ్రామఫోను ప్లేట్లు కాపురమున్నవి. అందులో నూరుకు పైగా జాజ్ సంగీతపు ప్లేట్లు. "తెలుగువారికి ఈ జాజ్ పిచ్చి యెక్కడిది?" అని మన సంఘంలో పెద్దలు చాలాసార్లు అడిగినారు. నవ్వి వూరకున్నాము. ఈసారి చెప్పదలచినాము. చెబితే మా తప్పొకటి కూడా బయటపడుతుంది, అయినా ఫరవాలేదు.

మా తాత మిల్లు కార్మికుడు. ఆయన కూడబెట్టి కొన్న పెట్టె గ్రామఫోను ఒకటి, తెలుగు ప్లేట్లు కొన్ని మా ఇంట్లో వుండేవట. కపిలవాయి రామనాథశాస్త్రి గారి నాటక పద్యాలు ముఖ్యమట. మా అమ్మ నల్లగొండ జిల్లా నుంచి కోడలుగా ఈ గల్లీకి వచ్చిననాడు ఆమెకు హిందీ రాదు, మరాఠీ రాదు. పంపు దగ్గర బిందె పెట్టుకోవడానికి కూడా మాట తడుముకొనేది. సాయంత్రం మామగారు కీ త్రిప్పి ప్లేటు పెడితే ఆ పద్యం వింటూ కూర్చునేదట. "అది వింటే మా వూళ్ళ నాటకం పందిట్ల కూసున్నట్టుండేది బిడ్డా" అని ఇప్పటికీ అంటుంది.

1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలయినది. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానినారు. ఆ సమ్మెలో మన తెలుగు ఇండ్లెన్ని చితికినవో ఈ పత్రిక చదువరులకు మేము చెప్పనక్కరలేదు. మొదట మా ఇంట్లో ఇత్తడి బిందెలు పోయినవి. తరువాత గ్రామఫోను, ప్లేట్లతో సహా, చోర్ బజారుకు పోయినది. అప్పటికి మాకు మూడేండ్లు.

ఉద్యోగం దొరికిన తరువాత మా అమ్మకు ఆ ప్లేట్లు తెచ్చిపెట్టాలని మాకొక పట్టుదల కలిగినది. చోర్ బజారు మాకు దూరం కాదు. పాత గ్రాంట్ రోడ్డు, అనగా నేటి మౌలానా షౌకతలీ రోడ్డు, పట్టుకొని నడిస్తే మటన్ స్ట్రీటు వస్తుంది. శుక్రవారం నాడు అక్కడి దుకాణాలు మూసి వుంటవి. తెల్లవారక ముందే వీధిలో పాత సామానులు పరచి అమ్ముతారు. ఆఫీసుకు పోయే ముందు ప్రతి శుక్రవారం అక్కడికి పోవడం అలవాటు చేసుకున్నాము. తెలుగు ప్లేట్లు దొరకలేదు. హిందీ సినిమా పాటలు, మరాఠీ నాటక పాటలు దొరికినవి. వాటి నడుమ యెవరికీ అక్కరలేని ఇంగ్లీషు ప్లేట్లు దొరికినవి. వుత్త చేతులతో ఇంటికి రాలేక పది రూపాయలిచ్చి ఒకటి తెచ్చినాము. అది జాజ్ ప్లేటు.

జాజ్ అనేది అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరపు నల్లజాతివారి నడుమ పుట్టిన సంగీతం. మన సంగీత విద్వాంసుని మనోధర్మం వంటిది అందులోనూ వున్నది. ఒకే పాటను ఈ రోజు వాయించినట్లు రేపు వాయించరు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు ఆడుతుంది. ఆనాడు ఆ గదిలో ఆ మూడు నిమిషాలు యేమి జరిగినదో దానికి ఆ ప్లేటొక్కటే సాక్షి. మేము గుమాస్తాగిరి చేసేవారము కనుక సాక్ష్యం విలువ మాకు తెలుసును. ప్రతి ప్లేటునూ పాత లెడ్జరులోకి యెక్కించడం మొదలుపెట్టినాము. కంపెనీ పేరు, కేటలాగు నంబరు, లేబిలు పక్కన నల్లని భాగం మీద చెక్కి వుండే మాట్రిక్స్ నంబరు వ్రాసుకుంటాము. మూతపడిన కంపెనీలలో చాలావాటి దస్తరాలు యెప్పుడో చెత్తలో పోయినవి. ఆ చెక్కిన నంబర్లను పట్టుకొనే ప్లేట్లు సేకరించేవారు వాటి చరిత్రను మళ్ళీ నిలబెట్టుకున్నారు.

ఆ చరిత్ర వింతయినది. జాజ్‌ను నిలిపినవి చాలావరకు చిన్న కంపెనీలే. ఇండియానా రాష్ట్రంలో రిచ్మండ్ అనే వూరిలో పియానోలు చేసే స్టార్ కంపెనీ జెనెట్ అనే లేబిలు నడిపినది. 1923లో కింగ్ ఆలివర్ బృందం అక్కడ ప్లేట్లు ఇచ్చినది. అందులో రెండవ కార్నెట్ వాయించిన 21 యేండ్ల పిల్లవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మైక్రోఫోను లేని కాలం కనుక అందరూ ఒక పెద్ద కొమ్ము ముందర నిలబడి వాయించవలసినదే. స్టూడియో పక్కనే రైలు పట్టాలు వుండేవి. రైలు వస్తే పని ఆపవలసి వచ్చేది. గ్రాంట్ రోడ్ స్టేషను పక్కన కాపురమున్నవారికి ఆ బాధ వివరించనక్కరలేదు.

నల్లజాతివారు తామే యజమానులుగా వుండాలని హారీ పేస్ 1921లో న్యూయార్కులో బ్లాక్ స్వాన్ కంపెనీ పెట్టినాడు. సుమారు మూడేండ్లకే అది పారమౌంట్ చేతిలో పడినది. ఆ పారమౌంట్ లేబిలు నడిపినది విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీ! ముందు గ్రామఫోను పెట్టెలు చేసినారు, పెట్టెలు అమ్ముడుపోవాలంటే ప్లేట్లు కావలెను గదా. బిల్లీ హాలిడే అనే గాయని, నల్లవారిని చెట్లకు వురితీసే దారుణం మీద పాట పాడదామంటే ఆమె పెద్ద కంపెనీ వెనుకాడినది. 1939లో ఆ పాటను తీసుకున్నది కొమడోర్, ఒక ప్లేట్ల దుకాణదారు అంతకు ముందు యేడు పెట్టిన లేబిలు. ఆ 1939లోనే జర్మనీ విడిచి వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ న్యూయార్కులో బ్లూ నోట్ స్థాపించినాడు.

ఆ ప్లేట్లకు మన దేశానికి కూడా సంబంధమున్నది. వాటిని లక్కతో చేసేవారు. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. ప్రపంచానికి ఆ లక్కను ముఖ్యంగా పంపినది మన దేశపు అడవులే. మన ఆడవారు హైదరాబాదు నుంచి తెప్పించుకునే గాజులు, అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లేటు, రెండూ ఆ లక్కతో చేసినవే.

బొంబాయిలో కూడా జాజ్ చరిత్ర వున్నది. 1935లో లియాన్ అబ్బే తన నల్లజాతి బృందంతో తాజ్ మహల్ హోటలుకు వచ్చినాడు. 1936లో క్రికెట్ స్మిత్ అనే ట్రంపెట్ విద్వాంసుడు ఇక్కడనే రెక్స్ లేబిలు మీద ప్లేట్లు ఇచ్చినాడు. అందులో "తాజ్ మహల్" అనే ఫాక్స్‌ట్రాట్ ఒకటి. తాజ్‌లో పియానో వాయించిన టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1945లో కలకత్తాలో కలరాతో పోయినాడు. గోవా నుంచి వచ్చిన చిక్ చాకొలేట్ ట్రంపెట్ పట్టుకొని సి. రామచంద్ర గారి వాద్యబృందంలో చేరినాడు. 1951లో వచ్చిన "అల్బేలా" పాటలకు పిలా హౌస్ టాకీసుల ముందు ఈలలు వేసినవారందరూ తెలియకుండా జాజ్ విన్నవారే. మన నగరానికి తనదైన కంపెనీ కూడా వుండేది. 1935 నుంచి 1955 వరకు వడాలాలో యంగ్ ఇండియా ప్లేట్లు తయారయినవి. పేరు పడ్డవారు పెద్ద కంపెనీల ఒప్పందాలలో వుండగా, కొత్త గొంతులకు చోటిచ్చిన లేబిలు అది.

ఇక మా తప్పు. 2012లో నరేష్ ఫెర్నాండెస్ గారు బొంబాయి జాజ్ మీద వ్రాసిన పుస్తకం వచ్చినది. దానికి పేరు ఆ ఫాక్స్‌ట్రాట్ పేరే. అది చదివిన నాటినుంచి రెక్స్ ప్లేటు మీద మాకు వ్యామోహం పుట్టినది. ఒక శుక్రవారం మటన్ స్ట్రీటులో మేమెరిగిన చాచా దగ్గర రెక్స్ లేబిలు కనిపించినది. చేయి వణికినది. దాని క్రింద సుతిలి త్రాడుతో కట్టిన కట్ట ఒకటి వున్నది. పదకొండు ప్లేట్లు. పై లేబిలు మీద తెలుగు అక్షరాలు.

జేబులో 1,400 రూపాయలున్నవి. రెక్స్‌కు 1,200 కన్న దిగనన్నాడు. తెలుగు కట్టకు 600 అడిగినాడు. మేము రెక్స్ తీసుకున్నాము. "ఆ కట్ట యెవరు కొంటారు? వచ్చే శుక్రవారం దాకా వుంచు చాచా" అన్నాము. కనీసం త్రాడు విప్పి రెండవ లేబిలు కూడా చూడలేదు. ఆఫీసుకు ఆలస్యమవుతున్నదని మనసుకు సాకు చెప్పుకున్నాము.

ఇంటికి తెచ్చి మాట్రిక్స్ నంబరు చూస్తే మా రెక్స్ ప్లేటు ఇంగ్లండులో తీసినది. మామూలు డాన్సు పాట. బొంబాయితో దానికి యే సంబంధమూ లేదు.

వచ్చే శుక్రవారం పోతే కట్ట లేదు. హోటలు గోడ అలంకారానికి యెవరో కొనుక్కుపోయినారట. గోడకు మేకులు కొట్టి, నడుమ బెజ్జంలోంచి తగిలిస్తారట. యే హోటలో చాచాకు తెలియదు.

ఆ శుక్రవారం కూడా మా అమ్మ అలవాటుగా అడిగినది, "యేంరా, దొరికినయా?" అని. "లేవమ్మా" అన్నాము. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ తరువాత పన్నెండేండ్లు ఆమె అడుగుతూనే వున్నది, మేము అదే మాట చెబుతూనే వున్నాము. న్యూయార్కులో బ్లూ నోట్ పెట్టినవాని పేరు మాకు తెలుసును. ఆ కట్టలో రెండవ ప్లేటు యెవరిదో మాకు తెలియదు.

కిందటి సంవత్సరం అమ్మకు జ్వరం వచ్చి తగ్గిన తరువాత ఒక రాత్రి జరిగినదంతా చెప్పినాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "అవి మనయే అని యేం లెక్క? మనయి అమ్మి నలభై యేండ్లాయె" అన్నది. మమ్ములను ఓదార్చడానికే అన్నదని తెలుస్తూనే వున్నది. మళ్ళీ కొంతసేపటికి తనంతట తానే ఆ ప్లేటులోని పద్యం యెత్తుకున్నది. పై పాదాలు పాడినది, చివర రాగం వున్నది కాని మాటలు గుర్తు లేవు. మా అమ్మాయి సెల్‌ఫోనులో దానిని పట్టినది. రెండు నిమిషాలు కూడా లేదు. మరునాడు దానిని లెడ్జరులో యెక్కించినాము. కంపెనీ అన్న గడిలో యేమి వ్రాయాలో తోచక మా గల్లీ నంబరు వేసినాము.

చదువరులకు మా మనవి ఒక్కటే. మీ అటకల మీద, మంచాల క్రింద పాత ప్లేట్లుంటే పారవేయకండి. ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలువుగా పెట్టండి. ఎండ తగలనీయకండి. స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. పాత గ్రామఫోను మీద పెడితే ప్రతిసారీ కొత్త సూది వేయండి. పాడుబడిన సూది గొంతును చెక్కివేస్తుంది. ప్లేట్లను గురించి తెలుసుకోవాలంటే 1990లో ఈ నగరంలోనే సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ యేర్పడినది. అందులో పనిచేసినవారు మనకు చాలా దారి చూపినారు.

కామాఠిపురా పునర్నిర్మాణం మాట చాలా కాలంగా నలుగుతున్నది. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరాన్ని కట్టిన మన కామాఠీల పేరున్న పేట ఇది. రేపు ఖోలీలు ఖాళీ చేసేటప్పుడు ముందుగా వీధిలో పడేవి మూలనున్న పాత సామానులే. ఆనాడు మీ ఇంట తెలుగు ప్లేటు కనబడితే మాకు కబురంపండి. భోంగా బాబాయి ఇల్లు అంటే గల్లీలో యెవరయినా చూపిస్తారు. ఈసారి వచ్చే శుక్రవారం దాకా ఆగము.